కొడుకు వెనక కుర్చీలో

కంప్యూటర్‌ను ఎలా ఆపాలో కూడా నాకు సరిగ్గా తెలియని రోజుల్లో, దాని ముందు కూర్చున్న కొడుకుకు కావలి కాయడం నా పని అయింది. ఆ పని నాకు అప్పజెప్పినవాడు నా భర్త. ఆయన అప్పుడు దుబాయ్‌లో ఉండేవాడు. ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో బస్సు డ్రైవరు. పొద్దున కూలీలను క్యాంపు నుంచి సైటుకు తీసుకుపోవడం, సాయంత్రం మళ్లీ క్యాంపులో దింపడం. నేను ఆర్మూర్‌లో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. మాకు ఒక్కడే కొడుకు. వాడు పదో తరగతిలో ఉన్నాడు.

కంప్యూటర్ కొనమన్నది కూడా మా ఆయనే. అప్పుడప్పుడే బస్టాండు చుట్టుపక్కల నెట్ సెంటర్లు వెలిశాయి. చిన్న చిన్న ప్లైవుడ్ గదులు, తలుపులకు బదులు పరదాలు. సెలవు మీద వచ్చినప్పుడు వాటిని చూసిపోయాడు.

"నెట్ సెంటర్ల పొంటి తిరిగితె పోరడు ఖరాబైతడు. ఇంట్లనే ఒకటి ఉంటె కండ్ల ముంగట ఉంటడు. నేను గూడ మిమ్మల్ని జూసుకోవచ్చు" అన్నాడు ఫోన్‌లో.

నిజామాబాద్ నుంచి తెచ్చి బిగించారు. ముందు గదిలో, కిటికీ పక్కన పెట్టించాను. ఆ కిటికీ ముందు నుంచే మార్కెట్‌కు పసుపు బస్తాల ట్రాక్టర్లు పోయేవి. సీజన్‌లో పొద్దున తుడిస్తే సాయంత్రానికి మానిటర్ మీద వేలితో పేరు రాయొచ్చు, అంత దుమ్ము. పాత చున్నీ ఒకటి దాని మీద కప్పేదాన్ని.

మొదటి శుక్రవారం ఆయన కెమెరాలో కనిపించినప్పుడు నేను కొంగు సర్దుకుని అట్లాగే నిలబడిపోయాను. బొమ్మ ఆగి ఆగి వచ్చేది. ఆయన నోరు తెరిచి ఉండగానే ఆగిపోతే మావాడు పడీపడీ నవ్వాడు. వెనకాల రెండంతస్తుల ఇనుప మంచం, పై మంచానికి వేలాడుతూ ఎవరిదో తువ్వాలు, గోడకు ఒక క్యాలెండరు.

"గిదే నా రూము. గీ పైన పండుకునేటోడు జగిత్యాల పిలగాడు. లాప్‌టాప్ ఆనిదే" అని అటూ ఇటూ తిప్పి చూపించాడు. ఏళ్ల తరబడి ఫోన్లలో వింటూ నేను ఊహించుకున్న గది దానికంటే చాలా పెద్దది.

కొన్నాళ్లు బాగానే గడిచింది. తర్వాత ఆయనకు కొత్త భయం పట్టుకుంది. నెట్‌లో పిల్లలు ఏమేం చూస్తారో రూములో ఎవరో చెప్పారట. ఆ రోజు నుంచి ఫోన్ చేస్తే నేను తిన్నానా, ఒంట్లో ఎలా ఉంది అన్నవి తర్వాత. మొదటి మాట ఒక్కటే.

"పోరడు కంప్యూటర్ల ఏం జూస్తుండు?"

"నాకేం తెలుసయ్యా? చదువుకుంటున్న అంటడు."

"అంటడు గాదు. నువ్వు ఎనుక కూసో. కూసొని జూడు."

కూర్చున్నాను. బడిలో పొద్దంతా నిలబడి పాఠాలు చెప్పి, ఇంటికొచ్చి కూర వండి, రొట్టెలు చేసి, అంట్లు తోమి, ఒళ్లో పరీక్ష పేపర్ల కట్ట పెట్టుకుని వాడి వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేదాన్ని. వాడి తల పక్క నుంచి తెర కనిపించేది. క్రికెట్ స్కోర్లు, కార్ల బొమ్మలు, ఒక మనిషి గోడలు దూకుతూ పరుగెత్తే ఆట. మధ్య మధ్యలో ఏవో ఫిజిక్స్ బొమ్మలు. ఇంగ్లీషు నా కంటి కంటే వేగంగా పైకి జరిగిపోయేది. నేను ఒక వాక్యం పట్టుకునేలోపు పేజీ మారేది. కొద్దిసేపటికి కళ్లు మూతలు పడేవి, చేతిలోని ఎర్ర పెన్ను జారి కింద పడేది. ఆ చప్పుడుకు ఇద్దరం ఉలిక్కిపడేవాళ్లం.

"అమ్మా, పోయి పండుకో. కుర్చీల నిద్రపోతె కింద పడ్తవు" అనేవాడు.

"నేను నిద్రపోతలే. చూస్తున్న."

"ఏం చూసినవో చెప్పు?"

కింద పడ్డ పెన్ను వెతుక్కునేదాన్ని. వాడు నవ్వి మళ్లీ తెర వైపు తిరిగేవాడు.

ఒకసారి వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వస్తుంటే తెర మీద ఒక సినిమా హీరోయిన్ ఉంది. నన్ను చూసి గబుక్కున మార్చాడు. చెవులు ఎర్రబడ్డాయి. నేను చూడనట్టే పోయి కుర్చీలో కూర్చున్నాను. ఆ రాత్రి ఆయన అడిగినప్పుడు కూడా చెప్పలేదు. ఆ వయసు పిల్లవాడు అదైనా చూడకపోతే ఎలా అనిపించింది. పైగా చెబితే ఆ మాట మీద ఎంతసేపు మాట్లాడాల్సి వస్తుందో తలుచుకుంటేనే ఒళ్లు నొప్పులు పుట్టాయి.

మా బడిలో కంప్యూటర్ చెప్పే అమ్మాయి ఒకతె ఉండేది, చిన్న వయసు. స్టాఫ్‌రూములో ఎవరూ లేనప్పుడు ఆమెను అడిగాను.

"హిస్టరీ చూడుండ్రి మేడం. ఏమేం తెరిచిండో అన్నీ అండ్ల ఉంటయ్" అంది.

హిస్టరీ అంటే నాకు తెలిసింది సోషల్ సారు చెప్పేదే. ఆమె నవ్వకుండా ల్యాబుకు తీసుకుపోయి ఎక్కడ నొక్కాలో రెండుసార్లు చూపించింది. ఆదివారం మావాడు గుట్ట కింద గ్రౌండుకు ఆడుకోవడానికి పోగానే చున్నీ తీసి కంప్యూటర్ పెట్టాను. ఆమె చెప్పినట్టే నొక్కాను. ఏమీ లేదు. తెల్లగా ఉంది. నేనే తప్పు నొక్కానేమోనని మళ్లీ మళ్లీ చూశాను.

మర్నాడు ఆమెతో చెబితే, "ఖాళీగ ఉన్నదంటె తుడిచేస్తుండు మేడం. దాచేది ఉంటెనే గదా తుడిచేది" అంది.

ఆ మాట నాకు అన్నం సహించనియ్యలేదు. సాయంత్రం వాణ్ణి సూటిగానే అడిగాను.

"ఏం దాస్తున్నవ్ రా నా దగ్గర?"

"ఏం లేదమ్మా."

వాడు అబద్ధాలాడే పిల్లవాడు కాదు. అందుకే ఆ 'ఏం లేదు' నాకు వేరుగా వినిపించింది. ఆ మధ్య వాడు తిండి కూడా తగ్గించాడు. ఆటకు పోవడం తగ్గించాడు. బడి నుంచి నాకంటే ముందొచ్చి కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. నేను కుర్చీ జరుపుకునే చప్పుడు వినగానే కిందికి ఏదో దించేసి క్రికెట్ పెట్టేవాడు. పక్కింట్లో, బడిలో, బస్సులో ఎక్కడ విన్నా ఆడపిల్లలతో చాటింగులు, మోసాలు, పారిపోయిన పిల్లలు. అన్నీ తెచ్చి వాడి మెడకు చుట్టి చూసుకునేదాన్ని.

ఈ లోపల ఆయన కెమెరాలోకి రావడం తగ్గింది. జగిత్యాల పిల్లవాడు వేరే క్యాంపుకు పోయాడని ఒకసారి, కెమెరా ఖరాబైందని ఒకసారి చెప్పాడు. ఫోన్లు మాత్రం వచ్చేవి, వేళ కాని వేళల్లో, కొత్త కొత్త నంబర్ల నుంచి. ఇంటికి పంపేది ఆలస్యమైతే కంపెనీలో అందరికీ అట్లాగే ఉంది అన్నాడు. నేను నమ్మాను. నమ్మకపోవడానికి కూడా కొంత ఓపిక కావాలి. నాకది లేదు. ఆయన అడిగేది మాత్రం మారలేదు. పోరడు ఏం జూస్తుండు, ఎవలతోని మాట్లాడుతుండు, నువ్వు కూసుంటున్నవా లేదా.

ఒక రోజు నాకు ఓపిక నశించింది.

"బడి నుంచి వచ్చినంక వంట. వంటయినంక పేపర్లు. గవి అయినంక గీ పోలీసు డ్యూటీ. నాతోని గాదు. నీ కొడుకును నువ్వొచ్చి చూసుకో."

"గంత కష్టమైతె కనెక్షన్ తీపిచ్చెయ్. పీడ పోతది" అన్నాడు. ఆయన వెనక హారన్లు మోగుతున్నాయి. బస్సులో ఉన్నాడనుకున్నాను.

కనెక్షన్ తీయించేస్తున్నానని మావాడికి చెప్పాను. అరుస్తాడనుకున్నాను. వాడి మొహం పాలిపోయింది.

"పరీక్షలయ్యేదాక ఉంచు అమ్మా. నీ కాళ్లు మొక్కుత."

"ఎందుకు? ఏముంది గండ్ల?"

"చెప్త. ఇప్పుడు గాదు."

నన్ను ఏ వస్తువు కోసమూ అంత బతిమాలని పిల్లవాడు. టెలిఫోన్ ఆఫీసుకు పోదామని రెండుసార్లు బయల్దేరి, రెండుసార్లూ ఆగిపోయాను.

తర్వాతి వారం బంద్ వచ్చింది. ఆ రోజుల్లో బందులు కొత్త కాదు. పిల్లలకు సెలవిచ్చి మమ్మల్ని మాత్రం రమ్మన్నారు. పన్నెండు కాకుండానే మమ్మల్నీ పంపించేశారు. షాపులన్నీ మూసి ఉన్నాయి. రోడ్డు పక్కన పసుపు బస్తాల ట్రాక్టర్లు వరసగా ఆగి ఉన్నాయి, వాటి నీడన డ్రైవర్లు పడుకున్నారు. ఆటోలు లేక ఎండలో నడిచి ఇంటికొచ్చాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. మావాడు చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని కంప్యూటర్ ముందున్నాడు. నేను రావడం వినలేదు.

తెర మీద చాటింగు. అక్షరాలు ఇంగ్లీషువి. కానీ ఈసారి అవి నాకు అర్థమయ్యాయి, ఎందుకంటే మాటలు మనవే. ఒకటో తరగతి పిల్లలా అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను.

"తమ్మీ, గా క్యాంపు ఖాళీ అయి మస్తు దినాలైంది. మీ బాపు షార్జాల దొరికిండు. మొన్న శుక్రవారం పోయి మాట్లాడిన. ఇంట్ల చెప్పకు అన్నడు. నువ్వు అడిగినవని నేను చెప్పలే."

ఇంకోసారి చదివాను. వాడి భుజం మీద చెయ్యి వేశాను. వాడు ఎగిరిపడి, మూసేయడానికి చెయ్యి చాపాడు.

"ఉంచు" అన్నాను. "ఎవరు రా గీయన?"

వాడు హెడ్‌ఫోన్ తీసి టేబుల్ మీద పెట్టాడు.

"షార్జాల ఉంటడమ్మా. మన భీమ్‌గల్ దిక్కాయన. దుబాయ్‌ల ఉన్న మనోళ్లు నెట్‌ల ఒక కాడ మాట్లాడుకుంటరు. గాడ అడిగిన, ఫలానా కంపెనీ ఎట్లున్నది, మా బాపు ఉన్నడా అని. అందరు ఏదేదో రాసిండ్రు. గీయన ఒక్కడే పోయి చూసొచ్చిండు."

"నీకెందుకు అనుమానమొచ్చింది?"

"చివరిసారి కెమెరాల రూంల ఉన్న అన్నడు గదా. ఎనుక ఇంకొకాయన వేరే కంప్యూటర్ ముంగట కూసున్నడు. అది రూము గాదమ్మా, నెట్ సెంటర్. డ్యూటీ ఉండే యాళ్లకు ఫోన్ చేస్తుండు. యూనిఫాం గూడ లేదు. నువ్వు చూడలేదా?"

నేను ఆయన మొహం ఒక్కటే చూశాను. వాడు మొహం చుట్టూ ఉన్నవన్నీ చూశాడు. తర్వాత కంపెనీ పేరు కొట్టి వెతికాడు. పనులు ఆగిపోయాయని, జీతాలు లేక మనుషులు రోడ్ల మీద పడ్డారని ఇంగ్లీషు పేపర్లలో చదివాడు. తెలియని మాటలను డిక్షనరీలో చూసుకుని చదివాడట. రోజూ చదివి, రోజూ తుడిచేశాడు.

"నాకెందుకు చెప్పలేదురా?"

"నువ్వు కుర్చీలనే నిద్రపోతుంటివి. గింత అలసట మీద గిది గూడ ఎట్ల చెప్పాలె?" అని ఏడ్చాడు. మూతి మీద నూగు మీసం వస్తున్న పిల్లవాడు, చిన్నప్పటిలాగే కింది పెదవి విరుచుకుని ఏడ్చాడు.

తెర మీద కొత్త మాట వచ్చింది. "ఉన్నవా తమ్మీ?"

"అమ్మ పక్కన ఉన్నదని రాయి" అన్నాను.

వాడు రాశాడు. అవతలి నుంచి ఒక్కొక్క ముక్కే వచ్చింది. "నమస్తే అక్కా. ఫికర్ చేయకుండ్రి. అన్న మంచిగనే ఉన్నడు. పొద్దుగాల కార్లు కడుగుతుండు. పాస్‌పోర్టు కంపెనీ కాడ ఇరుక్కున్నది. అందుకే రాలేకపోతుండు."

అన్నం వండాలని కూడా తోచలేదు. ఇద్దరం పొద్దటి అటుకులు తిన్నాం. సాయంత్రం ఫోన్ మోగింది. ఎప్పటి మాటే.

"పోరడు ఏం జూస్తుండు?"

"నిన్నే జూస్తుండు" అన్నాను.

"ఏంది?"

"నీ కంపెనీ బంద్ అయిందని, నువ్వు షార్జాల కార్లు కడుగుతున్నవని జూసిండు. నాకు గూడ చూపిచ్చిండు."

అవతల వాహనాల చప్పుడు వినిపిస్తోంది.

"ఎప్పటి సంది?" అని అడిగాను.

"దసరా ముంగటి సంది."

"నాకు చెప్పొద్దా?"

"ఏమని చెప్పాలె? డ్యూటీ చేస్తున్న అంటె నీకు జర ధైర్యం ఉంటదనుకున్న."

"ఆడ నీకు తినడానికే దిక్కులేదు. పోరని మీద నన్ను కావలి పెడితివి."

"ఈడ నేను తండ్రినని చెప్పుకునేందుకు ఏం మిగిలింది? పంపేది పంపలేకపోతున్న. వాడేం జేస్తుండు, ఏం జూస్తుండు అని అడుగుతె ఇంట్ల ఉన్నట్టు అనిపిస్తుండె. గందుకె రోజు గదే అడిగిన."

కోపం తెచ్చుకోవాలని చూశాను, రాలేదు. ఆయన కూడా నాలాగే అలిసిపోయి, ఎక్కడో రోడ్డు పక్కన నిలబడి ఉన్నాడు.

"తిన్నవా?" అన్నాను.

"తింట."

"వచ్చెయ్. ఏముంటె గది తిందాం. వచ్చెయ్."

రావడం అంత తేలిక కాలేదు. పాస్‌పోర్టు కోసం ఎవరిని కలవాలి, ఏ ఆఫీసుకు పోవాలి అన్నవి భీమ్‌గల్ అతను చాటింగులో చెప్పేవాడు. మావాడు నెట్‌లో అడ్రసులు, ఫోన్ నంబర్లు వెతికి వాళ్ల నాన్నకు ఫోన్‌లో చదివి వినిపించేవాడు. నేను వెనక కూర్చుని, అర్థం కాని ప్రతి మాటా అడిగేదాన్ని. వాడు విసుక్కోకుండా చెప్పేవాడు. దాని మధ్యలోనే వాడి పరీక్షలు వచ్చాయి, పోయాయి. లెక్కల పరీక్ష రోజు పొద్దున కూడా ఆయన ఫోన్ చేసి ఏదో ఆఫీసు మూసి ఉందన్నాడు. "పరీక్షకు పోయొచ్చి చూస్త బాపు" అని వీడు హాల్ టికెట్ జేబులో పెట్టుకుని పరుగెత్తాడు.

వానలు మొదలయ్యాక ఆయన వచ్చాడు. బస్టాండుకు ఇద్దరం పోయాం. ఒక్కటే బ్యాగు, అది కూడా సగం ఖాళీ. సబ్బు నీళ్లకు వేళ్ల మధ్య చర్మం తెల్లగా పగిలిపోయి ఉంది. మావాడు బ్యాగు అందుకున్నాడు. తండ్రీకొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆటోలో నేనే ఏదేదో మాట్లాడాను.

రెండు రోజులు పడుకునే ఉన్నాడు. మూడో రోజు సాయంత్రం లేచి, "నువ్వు రాసినయి అన్నీ చూపియ్యి" అన్నాడు కొడుకుతో. చూసినవి తుడిచేసినా, వాడు రాసినవన్నీ నెట్‌లో అట్లాగే ఉన్నాయి. ఒక్కొక్కటే తీసి చూపించాడు. 'మా బాపు పేరు ఇది, ఎత్తు ఇంత, కుడి చెంప మీద మచ్చ ఉంటది, మీకు ఎక్కడన్న కనిపిస్తె చెప్పుండ్రి' అని వాడు ముక్కూ మొహం తెలియనివాళ్లకు రాసినవి. ఆయన పెదవులు కదుపుతూ మెల్లగా చదివాడు. కింది దాకా చదివి, లేచి బయటికి పోయి గేటు దగ్గర నిలబడ్డాడు. నేను పోలేదు, వాణ్ణీ పోనియ్యలేదు.

ఆ తర్వాత ఆయన ఒక బడి వ్యాను నడపడానికి కుదిరాడు. కొడుకు ఏం చూస్తున్నాడని మళ్లీ ఎప్పుడూ అడగలేదు. నేనే అప్పుడప్పుడు వాడి భుజం మీదుగా తొంగి చూసేదాన్ని. అలవాటు అంత త్వరగా పోదు.

షార్జాలో ఉన్న అతను మమ్మల్ని ఒక్కటే కోరాడు. వీలైతే భీమ్‌గల్ పోయి తన భార్యను ఒకసారి చూసి, తాను బాగున్నానని చెప్పమన్నాడు. ఒక ఆదివారం నేనూ మా ఆయనా బస్సెక్కి పోయాం. ఆమె వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. పక్కన చిన్న పాప తునికాకు ముక్కలతో ఆడుకుంటోంది. మేమెవరమో చెప్పగానే చాట పక్కన పెట్టి చాయ పెట్టింది.

"మంచిగున్నడా అన్నా? సన్నగైండా?" అని అడిగింది మా ఆయనను.

"మంచిగున్నడు చెల్లె. డ్యూటీ చేస్తుండు" అన్నాడు ఆయన, చాయ గ్లాసులోకి చూస్తూ.

"ఫోన్ల ఎప్పుడడిగినా గదే అంటడు" అంది ఆమె.

తిరుగు బస్సులో అడిగాను.

"నిజంగ డ్యూటీ చేస్తుండా?"

"నన్ను కలిసినంక మేమిద్దరం ఒక్క రూమే. ఒక్క బకెట్‌తోనే కార్లు కడిగినం" అన్నాడు. "ఆమెకు చెప్పొద్దని నాతోని ఒట్టు పెట్టిచ్చుకున్నడు."

ఇంటికి చేరేసరికి నా ఒంట్లో సత్తువ లేదు. అయినా కంప్యూటర్ పెట్టమని, అతనికి రాసే చోటు తెరవమని మావాడికి చెప్పి, వాణ్ణి లేవమన్నాను. ఒక్క వేలితో, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ నేనే కొట్టాను. నేను ఎవరికైనా కంప్యూటర్‌లో రాసిన మొదటి మాట అదే. "తమ్మీ, ఇంట్ల చెప్పు. తెలిసినంక మాకు జర నిమ్మళమైంది. ఆమెకు గూడ అయితది."

జవాబు వచ్చేసరికి కొన్ని రోజులు పట్టింది. "సరే అక్కా" అని మాత్రమే ఉంది.

చెప్పాడో లేదో నాకు తెలియదు. మరుసటి ఏడు అతను కూడా వచ్చేశాడని, భీమ్‌గల్‌లో ఆటో నడుపుతున్నాడని, బస్టాండులో కలిస్తే ఇద్దరం కలిసి చాయ తాగామని మా ఆయన చెప్పాడు. నేను మాత్రం అతణ్ణి ఇప్పటిదాకా చూడలేదు.